రంగం రుచి మన వీధి చివరే

ఇంట్లో ఒక శుభకార్యం ముగిసిన మరునాడు, బంధువుల బలవంతం మీద విశాఖపట్నం సముద్రతీరంలోని ఒక పెద్ద హోటలుకు వెళ్ళవలసి వచ్చింది. అక్కడి వంటకాల పట్టికలో ఒక పుట నిండా ‘ఏషియన్ ఫ్యూజన్’ అనే శీర్షిక కింద జపాను, థాయిలాండ్, చైనా, బర్మా పేర్లు కలగలిసి కనిపించాయి. ఆసియా దేశాల వంటలను ఒకదానితో ఒకటి జోడించి కొత్త రుచి పుట్టించడమే దీని విశేషమని సర్వరు వివరించాడు. వాటిలో ‘బర్మీస్ ఖౌస్వే’ అనే దానిని తెప్పించుకున్నాము. కొబ్బరిపాలలో నూడుల్స్ తేలుతున్నాయి. గిన్నె అందంగా ఉంది. రుచి మాత్రం పాయసంలో పొరపాటున ఉప్పు పడినట్టు ఉంది. బిల్లు చూసిన తరువాత ఆ పాటి రుచి కూడా నాలుక మీద మిగలలేదు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఈ సంగతే మాట్లాడుకుంటూ ఉండగా డ్రైవరు కలుగజేసుకున్నాడు. ‘‘ఖౌస్వే కోసం ఇంత దూరం ఎందుకొచ్చారు బాబూ? మా బర్మా క్యాంపులో సాయంత్రమైతే దొరుకుతాది కదా!’’ అన్నాడు.

కంచరపాలెం ప్రాంతంలోని బర్మా క్యాంపు మా ఇంటికి నడిచి వెళ్ళే దూరంలోనే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆ పేరు బస్సు కండక్టర్ల నోట వింటున్నాను. ఉత్తరాల మీద చిరునామాలలో చూస్తున్నాను. నగరంలో ఎన్ని పేటలు లేవు, ఇదీ ఒక పేట అనుకున్నానే తప్ప, ఆ పేరు వెనుక ఒక దేశం ఉన్నదని, ఆ దేశం నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనుషులు ఉన్నారని ఏనాడూ నిలబడి ఆలోచించలేదు. మరునాటి సాయంత్రం చేతిసంచీ పట్టుకుని బయలుదేరాను.

దానిని హోటలు అనడానికి వీలు లేదు, బండి అనడానికీ వీలు లేదు. ఇంటి అరుగును ముందుకు పొడిగించి, పైన రేకులు వేసి, రెండు బల్లలు, నాలుగు బెంచీలు అమర్చారు. ఒక మూల పెద్ద గిన్నెలో చారు మరుగుతున్నది. ఇంకొక మూల పసుపు రంగు నూడుల్స్ తడిగుడ్డ కింద ఉన్నాయి. వాటి పక్కన వరుసగా డబ్బాలు: వేయించిన ఉల్లిపాయలు, వెల్లుల్లి వేగిన నూనె, వేయించిన శనగపిండి, దంచిన ఎండుమిరప, చింతపండు రసం, సన్నగా తరిగిన క్యాబేజీ, కొత్తిమీర, నిమ్మచెక్కలు. అరవై ఏళ్ళు దాటిన ఒక పెద్దావిడ కుడిచేత్తో డబ్బా డబ్బాలోంచి చిటికెడు చిటికెడుగా తీసి సత్తు పళ్ళెంలో వేస్తూ, వేళ్ళతోనే కలుపుతున్నది. పక్కన మనుమరాలు కాబోలు, డబ్బులు తీసుకుని చిల్లర ఇస్తున్నది.

‘‘తడిది కావాలా, పొడిది కావాలా బాబూ?’’ అని అడిగింది పెద్దావిడ. తేడా తెలియదని ఒప్పుకున్నాను. ‘‘అయితే రెండూ కొంచెం కొంచెం పెడతాను, కూర్చోండి’’ అన్నది.

ముందుగా వచ్చినది పొడిది. నూడుల్స్‌లో చింతపండు పులుపు, వెల్లుల్లి ఘాటు, శనగపిండి కమ్మదనం, పచ్చి క్యాబేజీ కరకర, అన్నీ విడివిడిగా తెలుస్తూనే ఒకటిగా కలిసిపోయాయి. తరువాత చిన్న గిన్నెలో తడిది వచ్చింది. శనగపిండితో చిక్కబడిన కొబ్బరిపాల పులుసు, కోడిమాంసం ముక్కలు, ఉడికిన గుడ్డు సగం, పైన నూనెలో వేయించిన నూడుల్స్ పొడి, చివర నిమ్మరసం. ముందు రాత్రి పెద్ద హోటలులో తిన్నదీ ఇదీ ఒకే పేరు గల వంటకమని నమ్మడం కష్టమయింది. మన పులిహోర పోపు, గుగ్గిళ్ళ కమ్మదనం, ఏదో దూరదేశపు వాసన ఒకే గిన్నెలో ఉన్నట్టు తోచింది. మళ్ళీ ఒక పళ్ళెం అడిగాను.

‘‘ఎప్పటి నుంచి అమ్ముతున్నారమ్మా?’’ అని అడిగితే, ‘‘రంగం నుంచి వచ్చిన కాడినుంచీ’’ అన్నది. 1965లో ఎనిమిదేళ్ళ పిల్లగా తల్లిదండ్రులతో ఓడ దిగిందట. తండ్రి అక్కడ బియ్యం మిల్లులో పనివాడు. ఇక్కడ పని దొరికే వరకు తల్లి ఇంటి ముందు గంపలో పెట్టుకుని అమ్మిన వంటకమే ఇది. ‘‘మా అమ్మకి ఇది తప్ప వేరే విద్య రాదు బాబూ. నాకూ అంతే’’ అన్నది నవ్వుతూ.

ఎవరీ రంగం వారు?

ఉత్తరాంధ్ర పల్లెలలో పెద్దవాళ్ళు నేటికీ రంగూన్ అనరు, ‘రంగం’ అంటారు. ‘రంగం పోయాడు’ అంటే ఊరు విడిచి, సముద్రం దాటి కూలికి పోయాడని అర్థం. 1852 యుద్ధంలో దిగువ బర్మా బ్రిటిష్ వారి వశమయింది. ఐరావతీ నది డెల్టాలో అడవులు నరికి వరిపొలాలు చేశారు. పండిన బియ్యాన్ని మిల్లులలో ఆడించి ఓడలకెక్కించడానికి వేలాది చేతులు కావలసి వచ్చాయి. ఆ చేతులు గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళాయి. మేస్త్రీలు ఊళ్ళలోకి వచ్చి అడ్వాన్సులిచ్చి, ఓడ ఛార్జీలు పెట్టుకుని మనుషులను తీసుకుపోయేవారు. ఆ అప్పు తీరే వరకు కూలీ మేస్త్రీ చెప్పుచేతలలో ఉండవలసిందే.

కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువారికి ‘కొరంగీలు’ అనే పేరు స్థిరపడింది. రేవు క్షీణించినా పేరు పోలేదు. 1885 యుద్ధంతో బర్మా యావత్తూ ఆక్రమణకు లోనయింది. 1937 ఏప్రిల్ 1న విడదీసే వరకు అది బ్రిటిష్ ఇండియాలో భాగంగానే ఉంది. కాబట్టి విశాఖ నుంచి రంగూన్ వెళ్ళడమంటే, కాగితాల మీద చూస్తే, ఒకే దేశంలో ఒక రేవు నుంచి మరో రేవుకు వెళ్ళడమే.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో సుమారు పది లక్షల మంది భారతీయులు ఉన్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించి వారే. రేవులో మూటలు మోసే పనిలోను, బియ్యం మిల్లులలోను, పారిశుధ్యం పనులలోను తెలుగువారి సంఖ్య అధికంగా ఉండేది. ఆ బతుకు పూలపాన్పు కాదు. 1930 మే నెలలో కూలి పెంచాలని రేవు కార్మికులు సమ్మె చేశారు. వారిలో అత్యధికులు తెలుగువారే. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె పరిష్కారమై పాతవారు తిరిగి పనిలోకి రాగానే కొత్తవారిని పొమ్మన్నారు. ఇద్దరు పేదల మధ్య రగిలిన ఆ నిప్పు నగరమంతా వ్యాపించి ఎందరో తెలుగు కూలీల ప్రాణాలు తీసింది. లాభం పొందిన వారు మాత్రం ఆ వీధులలో లేరు.

1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం వారి వశమయింది. నాలుగైదు లక్షల మంది భారతీయులు తిరుగుముఖం పట్టారు. ఓడలలో చోటు దొరకనివారు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్, అస్సాం అడవుల మీదుగా కాలినడకన వచ్చారు. ఆకలితో, మలేరియా, కలరా వ్యాధులతో దారిలోనే రాలిపోయినవారు వేల సంఖ్యలో ఉన్నారు. యుద్ధం ముగిశాక కొందరు మళ్ళీ వెళ్ళారు. వెళ్ళక ఏం చేస్తారు? వారి ఇళ్ళూ వాకిళ్ళూ అక్కడే ఉన్నాయి.

ఒక రాత్రిలో చెల్లని కాగితాలు

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయింది. 1962 మార్చి 2న జనరల్ నే విన్ సైనిక కుట్రతో అధికారం చేజిక్కించుకున్నాడు. ‘బర్మా తరహా సోషలిజం’ పేరిట బ్యాంకులు, వర్తకం, పరిశ్రమలు ఒక్కొక్కటిగా జాతీయం చేశారు. 1964 మార్చి నాటికి చిల్లర దుకాణాల దాకా వచ్చింది. మే 17న యాభై, నూరు క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించారు. పెట్టెలో దాచుకున్న సొమ్ము తెల్లవారేసరికి చిత్తుకాగితమయింది. దుకాణం లేదు, పని లేదు, పౌరసత్వం అంతకన్నా లేదు. ఆ తరువాతి మూడు నాలుగేళ్ళలో సుమారు మూడు లక్షల మంది భారత సంతతివారు ఆ దేశం విడిచారు. భారత ప్రభుత్వం ఓడలు ఏర్పాటు చేసింది. నగానట్రా, రొక్కం వెంట తీసుకుపోవడానికి కఠినమైన ఆంక్షలు ఉండేవి.

ఆ ఓడలలో వచ్చినవారికే మన ప్రభుత్వ దస్త్రాలలో ‘బర్మా కాందిశీకులు’ అనే పేరు వచ్చింది. తమిళనాడులో, ఆంధ్రలో క్యాంపులు వెలిశాయి. కాందిశీకుల పునరావాసం కోసం 1969లో ఒక ప్రత్యేక సహకార బ్యాంకు ఏర్పడింది. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవారికి రుణాలివ్వడమే దాని తొలి కర్తవ్యం. ‘రెప్కో’ బ్యాంకుగా అది నేటికీ పనిచేస్తున్నది. దాని ప్రస్తుత ఖాతాదారులలో ఎంతమందికి ఆ పేరులోని మొదటి అక్షరాలు ‘తిరిగి వచ్చినవారు’ అనే అర్థాన్నిస్తాయని తెలుసునో అనుమానమే.

ఈ పూర్వరంగం తెలిస్తే ఆ రేకుల కింది పళ్ళెం వేరుగా కనిపిస్తుంది. నోట్లు తీసుకున్నారు, నగలు ఆపారు. చేతికి తెలిసిన వంటను ఆపగల సుంకాధికారి మాత్రం ఏ రేవులోనూ లేడు.

గిన్నెలో ఏముంది?

బర్మీయ భాషలో ‘ఖౌస్వే’ అంటే నూడుల్స్. ‘ఓన్’ అంటే కొబ్బరి. కొబ్బరిపాలతో చేసిన తడిరకాన్ని అక్కడ ‘ఓన్ నో ఖౌస్వే’ అంటారు. చేత్తో కలిపిన పొడిరకానికి ‘తోక్’ అనే మాట చేరుతుంది, కలిపినది అని దాని అర్థం. చేపల పులుసు, నిమ్మగడ్డి, అరటిదూట వేసి సన్నని బియ్యపు నూడుల్స్‌తో వడ్డించేది ‘మొహింగా’. తెల్లవారుజామున తినే ఈ చేపల పులుసు బర్మా ప్రజలకు మన ఇడ్లీ వంటిది.

నూడుల్స్ తయారీ చైనా నుంచి, షాన్ కొండల నుంచి దిగివచ్చిన విద్య. శనగపిండి, పసుపు, చింతపండు మనకు చిరపరిచితాలు. ఎండు రొయ్యల పొడి, చేపల ఉప్పునీరు ఆ తీరానివి. రంగూన్ వీధులలో ఈ మూడూ వందేళ్ళపాటు ఒకే పొయ్యి మీద ఉడికాయి. అక్కడి దుకాణాలలో మన సమోసాను ముక్కలు చేసి క్యాబేజీ, పులుసు పోసి ‘సముసా తోక్’ అని అమ్ముతారు. పరోటా ‘పలాటా’ అయింది, దోశె ‘తోషే’ అయింది, దమ్ బిర్యానీ ‘దంబౌక్’ అయింది. పెద్ద హోటళ్ళవారు నేడు ‘ఫ్యూజన్’ అని ఏ ప్రయోగానికి పేరు పెట్టారో, దానిని రంగూన్ రేవు కూలీల పూటకూళ్ళ ఇళ్ళు పేరు పెట్టకుండానే నడిపాయి.

ఓడ దిగాక మరో కలయిక జరిగింది. ఆ పెద్దావిడ చెప్పినదాన్ని బట్టి, బర్మా చేపల ఉప్పునీరు ఇక్కడ దొరకక ఆమె తల్లి చింతపండు పాలు పెంచింది. రొయ్యల పొడికి విశాఖలో కొరత లేదు కానీ శాకాహారుల బేరం పోకుండా దానిని వేరే డబ్బాలో పెట్టి అడిగినవారికే వేసేది. మొదట్లో నూడుల్స్ కూడా ఇంట్లోనే గోధుమపిండి కలిపి, చాపలా వత్తి, కత్తితో సన్నగా కోసేవారట. పక్కవీధుల వారు ‘పాముల్లా ఉన్నాయి’ అని ముఖం తిప్పుకునేవారట. 1980లలో టీవీలో ‘రెండు నిమిషాల’ నూడుల్స్ ప్రకటనలు వచ్చాక అదే పక్కవీధుల పిల్లలు తల్లులను లాక్కుని వచ్చారు. ‘‘టీవీ చెబితేగాని మా వంట తినడానికి పనికొస్తాదని తెలవలేదు బాబూ’’ అన్నది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉన్నది. ఇరవై ఏళ్ళు ఆ పక్కవీధులలో ఒకదానిలో నివసించిన నాకు అది సూటిగానే తగిలింది.

ఒకే వంట, నాలుగు నగరాలు

ఈ వంటకం ప్రయాణం విశాఖతో ఆగలేదు. చెన్నై రేవుకు ఎదురుగా కాందిశీకులు దుకాణాలు పెట్టుకున్న చోటు బర్మా బజారుగా ప్రసిద్ధికెక్కింది. విదేశీ గడియారాలు, రేడియోలు, తరువాత క్యాసెట్లు, సెల్‌ఫోన్లు అమ్మే ఆ బజారు పక్క వీధులలో సాయంత్రం ‘అత్తో’ బండ్లు నిలుస్తాయి. బర్మీయ ‘తోక్’ తమిళుల నోట ‘అత్తో’ అయింది. నూడుల్స్‌కు తోడుగా అరటిదూట చారు ఇస్తారు. అది మొహింగాలోని చేప విడిచి మిగిలిన చారు. గుడ్డును చీల్చి వేయించిన ఉల్లిపాయలు కూరి ఇవ్వడం అక్కడి ప్రత్యేకత.

పశ్చిమ తీరంలోని సూరత్‌కు, ముఖ్యంగా తాపీ నది ఆవలి గట్టునున్న రాందేర్‌కు రంగూన్‌తో పాత వర్తక సంబంధం ఉంది. అక్కడి ముస్లిం వర్తక కుటుంబాలు తిరిగివచ్చేటప్పుడు తెచ్చుకున్న ఈ వంటకం ‘ఖావ్సా’ అనే పేరుతో రంజాన్ మాసపు రాత్రి బజారులలో అమ్ముడుపోతున్నది. సరిహద్దు దాటి కరాచీకి వెళితే మేమన్ సమాజం పెళ్ళిళ్ళలో అదే ‘ఖౌసా’. కొబ్బరిపాల పులుసు స్థానంలో పెరుగు, శనగపిండి కలిపిన కఢీ పోసి, పైన కరకరలాడే బంగాళదుంప తురుము చల్లుతారు.

ఒక దేశపు వంట, రెండు దేశాలలో నాలుగు నగరాలు, నాలుగు భాషలు, మూడు మతాలవారు. ఒక నగరంవారికి మరొక నగరంలో ఇది దొరుకుతుందన్న సంగతే తెలియదు. రాజకీయ పటాలు విడదీసిన దక్షిణాసియాను బెంచీ మీద కూర్చోబెట్టి ఒక పళ్ళెంలో చూపగల వస్తువులు ఎన్నో లేవు.

బర్మా, భారతదేశాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. 1989లో మయన్మార్‌గా పేరు మార్చుకున్న ఆ దేశం మనకు మినుములు, కందులు ఎగుమతి చేసే ప్రధాన దేశాలలో ఒకటి. ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందుల దిగుమతికి ఐదేళ్ళపాటు వీలు కల్పిస్తూ 2021లో అవగాహన ఒప్పందం కుదిరింది. బర్మా వంట ఎరుగనివారు సైతం బర్మా మినుముల ఇడ్లీ తిని ఉండే అవకాశం మెండుగా ఉంది.

టాంగ్రా చెప్పే పాఠం

ఇటువంటి మరొక కథ కోల్‌కతా తూర్పు అంచున ఉన్న టాంగ్రాలో కనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్ది చివరి నుంచే ఆ నగరానికి చైనీయుల రాక మొదలయింది. వారిలో హక్కా తెగవారు, ఇతరులు ముట్టడానికి వెనుకాడిన తోళ్ళ శుద్ధి పనిని చేపట్టి టాంగ్రాను చర్మ పరిశ్రమ కేంద్రంగా మార్చారు. 1962లో చైనాతో యుద్ధం రాగానే అనుమానం వారి మీదికి మళ్ళింది. సుమారు మూడు వేల మంది చైనా సంతతివారిని రైలెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు. వారిలో ఇక్కడే పుట్టి పెరిగినవారు అనేకులు. తిరిగి వచ్చేసరికి కొందరి ఇళ్ళు, వ్యాపారాలు చేయిజారిపోయాయి.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కాలుష్య కారణంగా ఆ తోళ్ళ కర్మాగారాలను నగరం వెలుపలికి తరలించాలని ఆదేశించింది. తీర్పులోని పర్యావరణ న్యాయాన్ని కాదనలేము. ఆ దెబ్బకు పలు కుటుంబాలు కెనడా తదితర దేశాలకు వలసపోయాయి. మిగిలినవారిలో చాలామంది తోళ్ళ షెడ్ల స్థానంలో భోజనశాలలు తెరిచారు. పచ్చిమిరప, వెల్లుల్లి దట్టించిన ఆ చైనా వంట కలకత్తాదే తప్ప చైనాది కాదు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975లో బొంబాయిలో అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప మసాలాకు సోయా సాస్, మొక్కజొన్న పిండి జోడించి ‘మంచూరియన్’ సృష్టించాడని ప్రతీతి. ఇవాళ అనకాపల్లి నుంచి ఆదిలాబాద్ వరకు మంచూరియా అమ్మని ఫాస్ట్‌ఫుడ్ బండి లేదు. మంచూరియా దేశస్థులకు మాత్రం ఆ వంటకం సంగతి తెలియదు.

ఒక తేడా గమనార్హం. టాంగ్రాకు పేరు వచ్చింది. పర్యాటకులు వెతుక్కుంటూ వెళ్తారు. అయితే ఆ పేరు వచ్చేసరికి వండేవారి సంఖ్య వేళ్ళ మీద లెక్కించే స్థితికి తగ్గుతూ వచ్చింది. చేతులు తరలిపోయిన తరువాత వచ్చే గుర్తింపు వల్ల వంటకం మిగలవచ్చు గాని, వండినవారికి ఒరిగేది ఏమీ ఉండదు. బర్మా క్యాంపు విషయంలో ఆ తప్పు జరగకుండా చూసుకునే వ్యవధి ఇంకా ఉంది.

చట్టం ఉంది, చూపు లేదు

రెండోసారి వెళ్ళినప్పుడు పెద్దావిడ ముఖం కళతప్పి ఉంది. రోడ్డు వెడల్పు చేస్తారని, అరుగు ముందున్న రేకులు తీసివేయాలని ఎవరో వచ్చి చెప్పి వెళ్ళారట. కాగితం ఏదీ ఇవ్వలేదు. ‘‘తీసేస్తే ఇక మానేద్దామనుకుంటున్నాను బాబూ. పిల్లలకీ ఇష్టం లేదు. ఒకడు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని, ఇంకొకడు హైదరాబాద్‌లో’’ అన్నది. మనుమరాలు మాత్రం ఏమీ అనక, ఉల్లిపాయలు వేయించే మూకుడు మీద నుంచి చూపు తిప్పలేదు.

రోడ్లు వెడల్పు కాకూడదని ఎవరూ అనరు. అయితే వీధి వ్యాపారుల జీవనోపాధి పరిరక్షణకు 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి నగరంలోను వీధి వ్యాపారులను లెక్కించాలి, వారికి ధ్రువపత్రాలివ్వాలి, పట్టణ విక్రయ సంఘంలో వారి ప్రతినిధులు ఉండాలి. నోటీసు ఇవ్వకుండా ఖాళీ చేయించరాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, యాభై ఏళ్ళకు మించి వీధి వ్యాపారం సాగుతున్న సహజమైన అంగళ్ళను వారసత్వ అంగళ్ళుగా ప్రకటించాలని, అక్కడివారిని తరలించరాదని ఆ చట్టం అనుబంధంలో ఉన్నది. 1960ల మధ్యలో మొదలైన వ్యాపారానికి యాభై ఏళ్ళు ఎప్పుడో నిండాయి. ఒక్క అరుగు అంగడి కాకపోవచ్చు. ఆ పేట సాయంకాలపు అమ్మకాలన్నింటినీ కలిపి చూస్తే అంగడి అవునో కాదో తేల్చవలసినవారు వచ్చి చూడాలి కదా! 2020లో కేంద్రం ప్రారంభించిన స్వనిధి పథకం కింద వీధి వ్యాపారులకు తొలివిడతగా పదివేల రూపాయల రుణం ఇవ్వసాగారు. ఆమె దాని పేరు విన్నది. ధ్రువపత్రం లేనందున అడగడానికి వెళ్ళలేదు.

పెద్ద హోటలులో ఒక గిన్నెకు మేము చెల్లించిన డబ్బుతో ఈ అరుగు మీద ఒక కుటుంబమంతా కడుపునిండా తినవచ్చు. ధర వ్యత్యాసం చలువగదికి, వెండిరంగు గిన్నెకు, సముద్రపు గాలికి అని సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోలేనిది మరొకటి ఉంది. అక్కడ ఆ వంటకానికి పేరు, పుట, వివరణ ఉన్నాయి. ఇక్కడ దానిని బతికించినవారికి ఒక ధ్రువపత్రమైనా లేదు.

ఈ సంగతి మన ఒక్క నగరానికే పరిమితం కాదు. 1960లలో తమిళనాడు క్యాంపులలో ఇమడలేక కాలినడకన మళ్ళీ బర్మా వెళ్ళాలని బయలుదేరిన కొందరు తమిళులు మణిపూర్ సరిహద్దులోని మోరేలో ఆగిపోయి అక్కడే ఒక పేట కట్టుకున్నారు. 2023 మే నుంచి ఆ రాష్ట్రంలో చెలరేగిన హింసాకాండ మోరేనూ విడిచిపెట్టలేదు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో మరొక సైనిక కుట్ర జరిగిన తరువాత వేలాది మంది సరిహద్దు దాటి మిజోరంలో తలదాచుకున్నారు. కొండదారులలో తలమీద మూటలతో వచ్చిన ఆ తల్లుల చేతులలో ఏ వంట ఉన్నదో, అరవై ఏళ్ళ తరువాత ఏ నగరంలో ఏ పెద్ద హోటలు దానికి ఏ పేరు పెట్టి అమ్ముతుందో ఎవరు చెప్పగలరు?

మొన్నటి ఆదివారం ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వెళ్ళాను. రేకులు ఇంకా ఉన్నాయి. వీధి వ్యాపారుల చట్టంలోని ఆ అంశాన్ని తెలుగులో ఒక కాగితం మీద రాసి మనుమరాలి చేతికి ఇచ్చాను. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో కనుక్కుని చెబుతానన్నాను. ఆ పిల్ల రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, డబ్బుల డబ్బా అడుగున దాచింది. ఆ రోజు నూడుల్స్ కలిపినది ఆ పిల్లే. పులుపు కాస్త ఎక్కువయింది.

‘‘చేయి ఇంకా కుదరలేదు బాబూ, నేర్చుకుంటాది’’ అన్నది పెద్దావిడ, నిమ్మచెక్క పక్కకు తీసి పెడుతూ.